అమ్మలూ, నీ విండో ఎందుకు బిగుసుకుపోతోందంటే

అమ్మలూ,

ఆశీస్సులు. నువ్వు పంపిన పైథాన్ కోడ్ రెండుసార్లు చదివాను. తాతయ్య ట్రంకు పెట్టెలోని పుస్తకాలకు చెదలు పట్టకముందే వాటిని స్కాన్ చేసి, బొమ్మలోని రాతను గుర్తుపట్టే టెసెరాక్ట్ ప్రోగ్రాంతో అక్షరాలుగా మార్చాలని నీకు తోచడం నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. కమాండ్లు టైపు చేసే టెర్మినల్ అలవాటున్నవాళ్లకు అది ఒక్క కమాండ్ పని. భాష దగ్గర టెల్ అని ఇచ్చి, అవుట్‌పుట్ ఫైలు పేరు బదులు ఎస్‌టీడీఅవుట్ అని రాస్తే తెలుగు తెరమీదకు వచ్చేస్తుంది. కానీ మీ అమ్మా నాన్నా టెర్మినల్ తెరవరు. వాళ్ల కోసం ఒక విండో, ఒక బటన్ ఉండాలనుకున్నావు. ఆ కష్టం పడదగ్గదే. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

బటన్ నొక్కగానే విండో బిగుసుకుపోయి, పైన నాట్ రెస్పాండింగ్ అని వచ్చి, చివర్లో అక్షరాలన్నీ కుమ్మరించినట్టు ఒక్కసారే పడుతున్నాయని మొదటి ఉత్తరంలో రాశావు. విండోని గీసేదీ మౌస్ క్లిక్‌ని అందుకునేదీ ఒకే థ్రెడ్, అంటే ప్రోగ్రాం లోపల ఒకదాని తర్వాత ఒకటిగా నడిచే ఒకే పనివరుస. నువ్వు బటన్ ఫంక్షన్ లోపలే, వేరే ప్రోగ్రాంని నడిపే సబ్‌ప్రాసెస్ డాట్ రన్‌ని పిలిచావు. టెసెరాక్ట్ పని ముగిసేదాకా అది వెనక్కి రాదు. అంతసేపూ ఆ థ్రెడ్ అక్కడే కూర్చుంటే ఇక విండోని గీసేదెవరు? ఇది నువ్వే కనిపెట్టి సరిచేశావు కాబట్టి దీని గురించి ఎక్కువ చెప్పను.

అసలు చెప్పాల్సింది రెండో సమస్య గురించి. ముగిసేదాకా ఆగకుండా వెంటనే వెనక్కి వచ్చే పాపెన్‌తో ప్రోగ్రాంని మొదలుపెట్టి, వేరే థ్రెడ్‌లో ఒక్కో లైనూ చదివావు. 90 పేజీల శతకం చక్కగా వచ్చింది. 430 పేజీల పెద్ద పుస్తకం మాత్రం నాలుగు వందలు దాటాక ఆగిపోయింది. ఎర్రర్ లేదు, ప్రోగ్రాం చావలేదు, సీపీయూ వాడకం సున్నా. రాత్రంతా వదిలేసినా కదల్లేదని రాశావు. సీపీయూ సున్నా అని గమనించి రాయడం చాలా మంచి పని చేశావు. లెక్కల్లో చిక్కుకున్న ప్రోగ్రాం సీపీయూని తింటూనే ఉంటుంది. దేనికోసమో ఎదురుచూసే ప్రోగ్రామే ఇలా నిద్రపోతుంది. మరి టెసెరాక్ట్ దేనికోసం ఎదురుచూస్తోంది?

నీకోసమే. ప్రతి కమాండ్ లైన్ ప్రోగ్రాంకీ బయటికి రెండు దారులుంటాయి. 1వ నంబరు స్టాండర్డ్ అవుట్‌పుట్, 2వ నంబరు స్టాండర్డ్ ఎర్రర్. రెండోదాని పేరు చూసి అందులో తప్పులే వస్తాయనుకోకు. అసలు సరుకు కాని మాటలన్నీ అటే పోతాయి. టెసెరాక్ట్ గుర్తుపట్టిన తెలుగును 1లో పెడుతుంది. ఎన్నో పేజీలో ఉన్నదీ, స్కాన్ రిజొల్యూషన్ ఎంతని ఊహించుకుంటున్నదీ 2లో చెబుతుంది. నువ్వు రెండింటికీ పైపులు, అంటే ఒక ప్రోగ్రాం రాసింది ఇంకో ప్రోగ్రాం చదివే గొట్టాలు, పెట్టావు గానీ చదివింది 1 ఒక్కటే.

పైపుకి లోతు ఉంటుంది. లైనక్స్‌లో మామూలుగా అది 65,536 బైట్లు. నిండిపోతే అటువైపు రాసే ప్రోగ్రాంని, ఇటువైపు ఎవరైనా చదివేదాకా ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెలాంటి కెర్నల్ నిద్రపుచ్చుతుంది. పేజీకి 160 బైట్ల కబుర్లు 2లో పడుతున్నాయనుకో, 409 పేజీలకు పైపు నిండిపోతుంది. శతకానికి ఆ ఇబ్బంది ఎందుకు రాలేదో ఇప్పుడు అర్థమైంది కదా. పెద్ద పుస్తకం దగ్గర టెసెరాక్ట్ 2లో చోటు కోసం ఆగింది, నువ్వు 1లో తర్వాతి లైను కోసం ఆగావు. ఇద్దరూ తెల్లవార్లూ అలాగే కూర్చున్నారు.

ఈ తప్పు నేనూ చేశాను. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన చోట ఒక బ్యాకప్ టూల్‌కి విండో కట్టే పని నాకు అప్పగించారు. మా దగ్గర టెస్ట్ చేసిన ఫోల్డర్లు చిన్నవి, అన్నీ సవ్యంగా నడిచాయి. కస్టమర్ దగ్గర మాత్రం రోజూ మధ్యలో ఆగిపోయేది. రెండు రోజులు నెట్‌వర్క్‌నీ డిస్క్‌నీ అనుమానించాను. వాళ్ల దగ్గర చదవడానికి అనుమతి లేని ఫైళ్లు వేలల్లో ఉన్నాయి, ఒక్కోదానికీ ఒక్కో వార్నింగ్, ఆ వార్నింగ్‌లన్నీ నేను చదవని పైపులోకే. ఆ రెండు రోజుల టెన్షన్ నాకింకా గుర్తుంది. నువ్వు మాత్రం పైపు పెట్టిన చోటల్లా చదివేవాళ్లు ఉన్నారో లేదో ముందే చూసుకో. అక్కర్లేని దారి అయితే పైపు పెట్టకుండా ఏది రాసినా పారేసే డెవ్‌నల్‌కి మళ్లించు.

రెండింటినీ ఒకే పైపులో కలిపేస్తే పోదా అని నువ్వు అడుగుతావు. ఆగిపోవడం తగ్గుతుంది కానీ నీ పనికి అది చేటు. పద్యం మధ్యలో రిజొల్యూషన్ సంగతులు వచ్చి పడతాయి. పైగా వరుస కూడా నమ్మలేం. ఎందుకంటే సీ భాష లైబ్రరీ స్టాండర్డ్ ఎర్రర్‌ని దాచుకోకుండా వెంటనే పంపిస్తుంది, స్టాండర్డ్ అవుట్‌పుట్ విషయంలో ఎదుట ఏముందో చూస్తుంది. టెర్మినల్ ఉంటే లైను పూర్తికాగానే పంపుతుంది. పైపు ఉంటే బఫర్ అనే తాత్కాలిక నిల్వ నిండేదాకా దగ్గరే ఉంచుకుంటుంది. పైపుకి ఆ బఫర్ లైనక్స్‌లో సాధారణంగా 4096 బైట్లు. టెర్మినల్‌లో చకచకా వచ్చే లైన్లు నీ విండోలోకి ముద్దలు ముద్దలుగా రావడానికి కారణం ఇదే. తప్పు నీ కోడ్‌లో లేదు.

దీనికి మందు ప్రోగ్రాంని బట్టి ఉంటుంది. అటువైపుది పైథాన్ స్క్రిప్ట్ అయితే ఎన్విరాన్‌మెంట్‌లో పైథాన్‌అన్‌బఫర్డ్ అనే వేరియబుల్‌కి 1 ఇస్తే చాలు. సీలో రాసిన చాలా ప్రోగ్రాంలకు ముందు స్టడ్‌బఫ్ అనే కమాండ్ తగిలించి, లైను లైనుకీ పంపమని చెప్పొచ్చు. లైబ్రరీని తమలోనే కలుపుకునేలా స్టాటిక్‌గా లింక్ చేసినవాటి మీద అది పనిచేయదు. ఏదీ కుదరకపోతే పైపు బదులు సూడో టెర్మినల్ పెట్టి, ఎదుట టెర్మినల్ ఉన్నట్టు చూపించాలి. అప్పుడు రంగుల కోడ్‌లు కూడా వచ్చిపడతాయి, వాటిని ఏరేసే పని నీదే. నీకు అంత అవసరం లేదని నా అభిప్రాయం. పేజీ అక్షరాలు కొన్ని క్షణాలు ఆలస్యంగా వస్తే కొంప మునిగేదేమీ లేదు. ఎన్నో పేజీ నడుస్తోందో మాత్రం వెంటనే తెలియాలి, ఆ కబురు 2లో ఎలాగూ ఆలస్యం లేకుండా వస్తోంది. ప్రోగ్రెస్ బార్‌ని దానితో నడుపు.

ఇక ఎలా మార్చాలంటే, నువ్వు విండోకి వాడుతున్నది పైసైడ్, అంటే క్యూటీ అనే విండోల లైబ్రరీకి పైథాన్ రూపం, కాబట్టి పాపెన్‌నీ, నీ థ్రెడ్‌నీ పక్కనపెట్టి, వేరే ప్రోగ్రాంలను నడపడానికి అందులోనే ఉన్న క్యూప్రాసెస్‌కి రా. అది క్లిక్‌లనూ కబుర్లనూ ఒక్కొక్కటిగా అందుకునే క్యూటీ ఈవెంట్ లూప్‌లోనే ఉండి రెండు దారులనూ తనే ఖాళీ చేస్తూ, ఏదైనా వచ్చినప్పుడు సిగ్నల్ పంపుతుంది. రెండింటికీ వేరువేరు సిగ్నల్‌లు ఉన్నాయి. 1ది పుస్తకంలోకి, 2ది స్టేటస్ లైన్‌లోకి పంపు. పని ముగిసేదాకా ఆగే వెయిట్‌ఫర్‌ఫినిష్డ్‌ని మాత్రం ముట్టుకోకు, దానితో మళ్లీ మొదటి రోజు బిగుసుకుపోవడమే తిరిగొస్తుంది. ఎప్పుడైనా పైథాన్‌తో వచ్చే విండోల లైబ్రరీ టికింటర్‌లో రాయాల్సి వస్తే, చదివే థ్రెడ్ క్యూలో వేయాలి, విండో ఆఫ్టర్‌తో కొద్దికొద్దిసేపటికి ఆ క్యూని చూసుకోవాలి. వేరే థ్రెడ్ నుంచి విడ్జెట్‌ని నేరుగా ముట్టుకోకూడదు, ఎందులో రాసినా.

క్యూప్రాసెస్‌కి మారగానే నీకు కొత్త చిక్కు ఒకటి ఎదురవుతుంది. ఇంగ్లిష్‌తో పనిచేసేవాళ్లకు ఇది ఏళ్లతరబడి కనబడదు, మనకు మొదటి పేజీలోనే కనబడుతుంది. క్యూప్రాసెస్ నీకు అక్షరాలివ్వదు, బైట్లిస్తుంది. అక్షరాల్ని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు వర్ణం ఒక్కోటీ 3 బైట్లు. తెలుగు అనే మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు, మొత్తం 18 బైట్లు. బఫర్ 4096 దగ్గర తెగుతుంది, దాన్ని 3తో భాగిస్తే 1 మిగులుతుంది. మధ్యలో ఖాళీలూ చుక్కలూ ఒక్కో బైటువి ఉంటాయి కాబట్టి ఎక్కడ తెగుతుందో ముందే చెప్పలేం. ఒక వర్ణంలో ఒక బైటు ఈ ముద్దలో, రెండు బైట్లు తర్వాతి ముద్దలో వస్తాయి. ముద్దను ముద్దగా డీకోడ్ చేశావంటే, అంటే బైట్లను అక్షరాలుగా మార్చావంటే, పైథాన్ ఎర్రర్ ఇస్తుంది, లేదా తప్పును సర్దుకోమని చెప్పి ఉంటే ఆ చోట నల్ల డైమండ్‌లో ప్రశ్న గుర్తు పడుతుంది. టెసెరాక్ట్ తప్పు చదివిందనుకుని స్కాన్‌ని మళ్లీమళ్లీ తీస్తావు. కోడెక్స్‌లో ఉండే ఇంక్రిమెంటల్ డీకోడర్ వాడు. మిగిలిపోయిన బైట్లను అది దాచిపెట్టి, తర్వాతి ముద్దతో కలుపుకుంటుంది. డీకోడర్‌ని ఒక్కసారే తయారుచేసి చివరిదాకా అదే వాడాలి, సిగ్నల్ వచ్చినప్పుడల్లా కొత్తది చేస్తే ఫలితం లేదు.

అలాగే తెరమీద చేర్చేటప్పుడు అపెండ్‌ప్లెయిన్‌టెక్స్ట్ ప్రతిసారీ కొత్త పేరా మొదలుపెడుతుంది. ముద్ద క్ష మధ్యలో తెగితే పొల్లు క ఒక లైనులో, ష ఇంకో లైనులో పడతాయి. లైను పూర్తయ్యేదాకా నీ దగ్గరే కూడబెట్టుకుని, అప్పుడు చేర్చు. స్టేటస్ లైన్లు చూపించే పెట్టెకు సెట్‌మాక్సిమమ్‌బ్లాక్‌కౌంట్ పెట్టి, ఓ 2000 లైన్లు ఉంచితే చాలు. మొత్తం లాగ్ ఫైల్లోకి పోవాలి. మీ నాన్న నాకు ఫోన్ చేసి ఆగిపోయిందన్నప్పుడు నేను అడిగేది ఆ ఫైలే.

ముగింపు దగ్గర చాలామంది తొందరపడతారు. ఫినిష్డ్ సిగ్నల్ రాగానే పైపులో మిగిలిందంతా ఇంకోసారి చదివి, తర్వాతే ఫైలు మూయి. ప్రోగ్రాం ముగిసేటప్పుడు ఇచ్చే ఎగ్జిట్ కోడ్ 0 కాకపోతే పూర్తయిందని రాయకు, 2లో వచ్చిన చివరి లైన్లు చూపించు. టెసెరాక్ట్ అసలు ఇన్‌స్టాల్ కాని మెషీన్‌లో ఫినిష్డ్ సిగ్నలే రాదు, ఎర్రర్‌అకర్డ్ వస్తుంది. దాన్నీ పట్టుకో. రద్దు బటన్‌కి ముందు మర్యాదగా ఆగమనే టెర్మినేట్, కొన్ని సెకన్లు చూసి బలవంతంగా ఆపే కిల్. విండోస్‌లో కన్సోల్ ప్రోగ్రాంలు టెర్మినేట్‌ని పట్టించుకోవు కాబట్టి అక్కడ కిల్ తప్పదు. ఫైళ్ల పేర్లను ఒకే స్ట్రింగ్‌గా అతికించి, కమాండ్లు చదివే షెల్‌కి ఇవ్వకు, లిస్ట్‌గా ఇవ్వు. మీ నాన్న ఫోల్డర్ పేర్ల నిండా ఖాళీలే.

విండోస్ సంగతి వచ్చింది కాబట్టి ఇదీ చెప్తాను. అక్కడి పాత కోడ్ పేజీలు, అంటే అక్షరాల పట్టికలు, 437, 1252లలో తెలుగు అక్షరాలు లేవు. నీ పేజీల్ని శుభ్రం చేసే పైథాన్ స్క్రిప్ట్ పైపులోకి తెలుగు ప్రింట్ చేయబోయి ఎన్‌కోడ్ ఎర్రర్‌తో పడిపోతుంది. పైథాన్‌యూటీఎఫ్8 వేరియబుల్‌కి 1 ఇచ్చి నడుపు.

తాతయ్య హరికథల క్యాసెట్లను కూడా ఇలాగే మారుస్తానన్నావు. ఆడియో, వీడియోలను మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్ తన ప్రోగ్రెస్ అంతా 2లోనే చెబుతుంది, అదీ కొత్త లైను వేయకుండా అదే లైను మొదటికి వెళ్లి తిరగరాస్తూ. లైను కోసం చూసే నీ కోడ్‌కి అది కనబడదు. ప్రోగ్రెస్ ఆప్షన్‌తో 1వ పైపులోకి విడివిడి లైన్లుగా పంపమని అడుగు. అలాగే నోస్టడ్‌ఇన్ ఆప్షన్ ఇవ్వు. లేకపోతే పాత ఫైలు మీద రాయనా అని అడిగి జవాబు కోసం కూర్చుంటుంది, ఆ ప్రశ్న నీ విండోలో ఎవరికీ కనబడదు.

కోడ్ మార్చాక మొదటగా ఆ 430 పేజీల పుస్తకం మీదే నడుపు, శతకం మీద కాదు. ఒత్తులు తప్పిన పేజీల నంబర్లు ఒకచోట రాసిపెట్టు. సంక్రాంతికి వచ్చినప్పుడు అసలు పుస్తకం ముందు పెట్టుకుని ఇద్దరం సరిచూద్దాం.

ఇట్లు,
మీ పెదనాన్న