మారిషస్ వస్తున్నారా? ఇక్కడి తెలుగువాళ్ళ గురించి కాస్త తెలుసుకుని రండి

ఉద్యోగానికి ఎబెన్ (ఇక్కడి ఐటీ ఆఫీసుల ఊరు) వచ్చేవాళ్ళు ముందుగా అడిగేది, "అక్కడ మనవాళ్ళు ఉన్నారట కదా, తెలుగుతో గడిచిపోతుందా?" అని. గడవదండీ. ఉన్నమాట నిజమే, ఉగాదికి దేశమంతా సెలవు, ప్రభుత్వ బడుల్లో కావాలన్న పిల్లలకి తెలుగు చెప్తారు కూడా, కానీ ఇళ్ళల్లో నడిచేది ఫ్రెంచి నుంచి పుట్టిన ఇక్కడి భాష, క్రియోల్. ఇంటిపేరు చూస్తే అప్పడు అని ఉంటుంది, ఆయనేమో "కి మాన్యేర్?" (ఎలా ఉన్నారు?) అని క్రియోల్‌లో పలకరిస్తాడు. అప్పుడు "అయ్యో, తెలుగు మరిచిపోయారా" అని జాలిపడకండి, వాళ్ళకి ఒళ్ళు మండుతుంది.

చెరకు తోటల్లో బానిసలకి 1835లో విడుదల వచ్చింది. ఆ పనికి ఇంగ్లీషువాళ్ళు 1834 నుంచే ఇండియా జనాన్ని ఒప్పందం మీద తేవడం మొదలుపెట్టారు, మనవాళ్ళు కాకినాడ పక్కన కోరింగ రేవులోనూ ఓడెక్కారు. ఐదేళ్ళ కట్టుబాటు, నెలకి ఐదు రూపాయలు, ఒక్కరోజు మానేస్తే రెండు రోజుల కూలి కోత. రాజధాని పోర్ట్ లూయిస్‌లో ఆ కూలీల్ని దించిన రేవు, ఆప్రవాసి ఘాట్, చూడండి, వాళ్ళు దిగి ఎక్కిన 16 రాతి మెట్లు ఇంకా అలాగే ఉన్నాయి.

మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఆనాటి రిజిస్టర్లు భద్రంగా ఉన్నాయి. మనిషి పేరు, ఓడ పేరు, ఊరు అన్నీ రాసి ఉంటాయి, కాకపోతే తెల్ల గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాసుకున్న స్పెల్లింగులు. ఎవరైనా ముత్తాత కాగితం తెచ్చి చూపిస్తే ఆ ఊరు ఏదై ఉంటుందో కాస్త ఓపిగ్గా పోల్చిపెట్టండి, మీరు చేయగల అసలు సాయం అదే. కులం మాత్రం అడక్కండి, దణ్ణం పెడతాను.

రామభజనానికి పిలిస్తే తప్పక వెళ్ళండి. మధ్యలో దీపం, చుట్టూ తిరుగుతూ పాడతారు, అర్థం అందరికీ తెలియకపోవచ్చు, అయినా గొంతు తగ్గదు. సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండగ కూడా ఉన్నాయి. ఆ మనుషులే పెళ్ళిలో సెగా మొదలైతే లేచి ఆడతారు. అది ఆఫ్రికా బానిసల ఆట, మేకతోలు డప్పు రవాన్‌ని మంట దగ్గర కాచి బిగువెక్కించి వాయిస్తారు. "ఇది మనది కాదు" అని గోడకి ఆనుకుని నిలబడకండి.

తిండికి టెన్షన్ వద్దు, మార్కెట్లో మునగాకు కట్టలు కూడా దొరుకుతాయి. క్రియోల్ మాత్రం వచ్చిన నెలలోనే మొదలుపెట్టండి. ఆఫీసుకి ఇంగ్లీషు సరిపోతుంది గానీ, బస్సు కండక్టరుతోనూ పక్కింటి అప్పడుగారితోనూ దానితో పని జరగదు.