సిలియాక్ వ్యాధి ఉన్న పిల్లలు గ్లూటెన్ మానేస్తే మళ్లీ ఎత్తు పెరుగుతారా?

చాలామంది పెరుగుతారు. ఈ జబ్బులో గోధుమ, బార్లీలలోని గ్లూటెన్ అనే ప్రోటీన్ వల్ల చిన్నపేగు లోపలి పొర దెబ్బతిని ఇనుము, జింక్, కాల్షియం, కొవ్వు సరిగా ఒంటబట్టవు. గ్లూటెన్ మానేశాక పొర నెమ్మదిగా మానుతుంది. ముందు బరువు పెరుగుతుంది, సాధారణంగా మొదటి ఆరు నెలల్లోనే తేడా తెలుస్తుంది. ఎత్తు అందుకోవడానికి 2, 3 ఏళ్లు పట్టొచ్చు. యుక్తవయసు ముగిసి ఎముకల చివర్లు మూసుకుపోయాక జబ్బు బయటపడితే మాత్రం పోయిన ఎత్తంతా తిరిగి రాదు.

జబ్బు ఉందేమోనని అనుమానం ఉంటే, రక్తపరీక్ష, అవసరమైతే బయాప్సీ (చిన్నపేగు నుంచి చిన్న ముక్క తీసి చూసే పరీక్ష) అయ్యేదాకా గోధుమ ఆపకండి. ముందే ఆపితే ఫలితం తప్పుగా రావచ్చు.

అన్నం తినే ఇళ్లలో పథ్యం తేలికే అనిపిస్తుంది గానీ, చిక్కంతా కనబడని గ్లూటెన్‌తోనే. ఇంగువ పొడిలో తరచూ మైదానో గోధుమపిండో కలుపుతారు. పాలలో కలిపే మాల్ట్ పొడుల్లో బార్లీ ఉంటుంది. సోయా సాస్‌లో, చాలా రకాల సేమియాలో గోధుమ ఉంటుంది. జొన్నలు, రాగులు మంచివే, కానీ గోధుమలు పట్టిన మరలోనే పట్టిస్తే లాభం లేదు. ప్యాకెట్ మీద గ్లూటెన్ లేదని రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు దాటకూడదన్నది నియమం.

3 నుంచి 6 నెలలకోసారి ఎత్తు, బరువు చార్టులో గుర్తించండి. ఏడాది గడిచినా ఎత్తు కదలకపోతే ముందు టీటీజీ (ఈ జబ్బుకు చేసే రక్తపరీక్ష) చేయించి, పథ్యం ఎక్కడ తప్పుతోందో వెతకాలి. అదీ బాగానే ఉంటే థైరాయిడ్, గ్రోత్ హార్మోన్ సంగతి పిల్లల డాక్టరుతో మాట్లాడాలి.