పాప టీకా ఇక వాయిదా వేయకండి

ప్రశ్న: మేము బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాం. మా బాబుకు ఐదేళ్లు. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకా రెండో డోసు వేయించిన కొన్ని వారాలకు వాడు పలికే నాలుగు మాటలూ మానేశాడు. మూడో ఏట ఆటిజం అని చెప్పారు. వాడి బడిలో ప్రత్యేక శిక్షణకు వెళ్లే పిల్లలు ఏటేటా పెరుగుతున్నారు. ఒంగోలులో నేను చదువుకున్నప్పుడు ఇలాంటి పిల్లలను ఒక్కరినీ చూడలేదు. ఇదంతా టీకాల వల్లేనని బంధువులు వీడియోలు పంపుతున్నారు. పాపకు పదిహేడు నెలలు. పదిహేనో నెలలో వేయించాల్సిన ఎంఎంఆర్ రెండో డోసు ఇంకా వేయించలేదు. మా అత్తగారు వద్దే వద్దంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, బెంగళూరు

జవాబు: అమ్మా, పాపకు ఆ డోసు ఈ వారంలోనే వేయించండి. రెండు నెలలు ఆలస్యమైనా మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు. బాబుకు ఆటిజం రావడానికి మీరు వేయించిన టీకా కారణం కాదు. మిమ్మల్ని ఓదార్చడానికి అంటున్న మాట కాదిది.

టీకా వేయించాక మాటలు ఆగిపోయాయంటే తల్లికి అనుమానం రావడం సహజం. అయితే ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరు వచ్చిన మాటలు కోల్పోయేది సాధారణంగా ఏడాదిన్నర, రెండేళ్ల మధ్యే. ఎంఎంఆర్ రెండో డోసు పడేదీ ఇంచుమించు అప్పుడే. మెదడు ఎదుగుదలలో తేడా మాత్రం తల్లి గర్భంలోనే మొదలవుతుంది. మొదటి పుట్టినరోజు వీడియోలను శ్రద్ధగా చూస్తే చాలామంది పిల్లల్లో తొలి గుర్తులు కనిపిస్తాయి. చుట్టూ ఉన్నవాళ్లు పేరు పెట్టి పిలుస్తున్నా బిడ్డ తలతిప్పడు, కొవ్వొత్తి వెలుగునే చూస్తూ ఉంటాడు. అప్పుడది ఎవరి దృష్టికీ రాదు. అందులో తల్లిదండ్రుల తప్పు లేదు.

ఈ భయానికి మూలం 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన బ్రిటన్ వైద్యుడు ఆండ్రూ వేక్‌ఫీల్డ్ వ్యాసం. ఎంఎంఆర్‌కూ ఆటిజానికీ సంబంధం ఉండవచ్చని అది సూచించింది. అందులో ఉన్నది పన్నెండు మంది పిల్లలు. పరిశోధనలో అక్రమాలు బయటపడి 2010లో పత్రిక ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకుంది. అదే ఏడాది బ్రిటన్ ఆయన పేరును వైద్యుల జాబితా నుంచి తొలగించింది. ఆ తర్వాత డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లల వివరాలు పరిశీలించి 2019లో ఫలితాలు ప్రకటించారు. ఎంఎంఆర్ వేయించుకున్నవారిలో ఆటిజం ఎక్కువ కాలేదు. జపాన్ 1993లో ఎంఎంఆర్ వాడకం ఆపేసింది. అయినా యోకొహామాలో ఆటిజం కేసులు పెరుగుతూనే పోయాయి.

మీ ఇంటికి సరిగ్గా సరిపోయే అధ్యయనం ఒకటుంది. అన్నకో అక్కకో ఆటిజం ఉన్న పిల్లలకు ఈ టీకా హాని చేస్తుందా అన్న ప్రశ్నతో అమెరికాలో 95 వేలకు పైగా పిల్లల రికార్డులు చూశారు. 2015లో వచ్చిన ఆ ఫలితాల్లో, అలాంటి ఇళ్లలో కూడా ఎంఎంఆర్ వల్ల ఆటిజం పెరగలేదని తేలింది. మీలాగే భయపడిన తల్లిదండ్రులు చిన్నపిల్లలకు టీకాలు తక్కువగా వేయిస్తున్నారని కూడా అందులోనే బయటపడింది. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే.

ఇక బడిలో పెరుగుతున్న సంఖ్య. ఒంగోలులో మీ తరగతిలో అలాంటి పిల్లలు లేరంటే వాళ్లు పుట్టలేదని కాదు. కొందరు బడి గడప తొక్కలేదు. కొందరు మొద్దులనో మొండివాళ్లనో పేరుపడి, నాలుగో ఐదో తరగతిలో మానేశారు. 1995 నాటి వికలాంగుల చట్టం గుర్తించిన ఏడు లోపాల్లో ఆటిజం లేదు, చదవడం, రాయడంలో వచ్చే అభ్యసన వైకల్యం కూడా లేదు. 2016 చట్టం ఆ జాబితాను ఇరవై ఒకటికి పెంచి ఈ రెండింటినీ చేర్చింది. ధ్రువపత్రం ఉంటే పరీక్షలో అదనపు సమయం దొరుకుతుంది కాబట్టి తల్లిదండ్రులూ పరీక్షలు చేయించడానికి ముందుకొస్తున్నారు. దీనికి తోడు, నెలలు నిండకుండా పుట్టి ఒకప్పుడు దక్కని పిల్లలు ఇప్పుడు బతికి బడికి వస్తున్నారు. వారిలో కొందరికి సాయం అవసరమవుతుంది. అంటే పెరుగుదలంతా కాగితాల మీదిదే అనను. టీకాలది మాత్రం కాదు.

నిజానికి టీకాలు ఆ సంఖ్యను తగ్గిస్తాయి. గర్భిణికి తొలి నెలల్లో రుబెల్లా సోకితే బిడ్డ చెవుడుతో, కంటి శుక్లాలతో, గుండె లోపంతో పుట్టవచ్చు. రుబెల్లాతో పుట్టిన పిల్లల్లో ఆటిజం కూడా ఎక్కువగా కనిపించిందని 1970లలోనే గమనించారు. తట్టు వచ్చిన వెయ్యి మందిలో సుమారు ఒకరికి మెదడు వాపు వస్తుంది. బతికి బయటపడినా కొందరికి వినికిడి లోపమో బుద్ధిమాంద్యమో మిగులుతుంది. 2017 ఫిబ్రవరిలో తట్టు-రుబెల్లా టీకా కార్యక్రమం దేశంలో మొదట మొదలైన రాష్ట్రాల్లో కర్ణాటక, తమిళనాడు ఉన్నాయి. అప్పుడూ వాట్సాప్‌లో ఇలాంటి పుకార్లే తిరిగాయి.

పాప విషయంలో అసలు జాగ్రత్త టీకా ఆపడంలో లేదు. అన్నకు ఆటిజం ఉంటే చెల్లికి వచ్చే అవకాశం మిగతా పిల్లలకన్నా ఎక్కువ. అందుకే ఇప్పటి నుంచే గమనించండి. పేరు పిలిస్తే చూస్తోందా? కావలసిన వస్తువును, ఆకాశంలో పోయే విమానాన్ని వేలితో చూపి మీ ముఖం వంక చూస్తోందా? ఎం-చాట్ అనే ఇరవై ప్రశ్నల పరీక్షను పదహారు నుంచి ముప్పై నెలల మధ్య చేస్తారు. టీకాకు వెళ్లిన రోజే పిల్లల డాక్టరును అడిగి చేయించండి. అత్తగారినీ వెంట తీసుకెళ్లండి. ఆవిడ సందేహాలు ఆవిడే అడగనివ్వండి. మనవడి మీద బెంగతోనే ఆవిడ వద్దంటున్నారు.

బాబుకు మాట, ప్రవర్తన శిక్షణ ఆపకండి. వినికిడి పరీక్ష చేయించి ఉండకపోతే వెంటనే చేయించండి. బెంగళూరులోని మానసిక, నరాల వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో పిల్లల మానసిక వైద్య విభాగం మీకు అందుబాటులోనే ఉంది. ఇంకో మాట: ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడమని ఎవరైనా చెబితే వినకండి. రెండు మూడు భాషలు వినడం వల్ల ఆటిజం రాదు, ముదరదు. మీకు బాగా వచ్చిన భాషలోనే వాడితో ఆడండి, పాడండి.

టీకా వేశాక వారం, పన్నెండు రోజుల మధ్య పాపకు జ్వరం, ఒంటిపై సన్నటి దద్దుర్లు రావచ్చు. బరువును బట్టి డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ సిరప్ ఇవ్వండి. చాలా అరుదుగా జ్వరంతో ఫిట్స్ వస్తాయి. చూడటానికి భయంగా ఉన్నా వాటివల్ల మెదడుకు శాశ్వత హాని ఉండదు. అలా జరిగితే పాపను పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. రోగనిరోధక శక్తికి సంబంధించిన తీవ్ర జబ్బున్నా, మొదటి డోసుకు తీవ్రమైన అలర్జీ వచ్చి ఉన్నా ముందే డాక్టరుకు చెప్పండి.