“ప్రార్థన అయిందా?” అని అమ్మ అడిగితే

“మాది గుంటూరు దగ్గర లూథరన్ కుటుంబం. నాకు 32 ఏళ్లు, హైదరాబాదులో ఉద్యోగం. సండే స్కూలు నుంచి గుడిలోనే పెరిగాను. నాన్న పోయి రెండేళ్లయింది. ఆసుపత్రిలో ఉన్న 23 రోజులూ సంఘమంతా ఉపవాసముండి ప్రార్థించారు. అప్పటినుంచి మెల్లగా చల్లారిపోయాను. ఆదివారం ఫోనులో ఆరాధన పెట్టుకుని కూరలు తరుగుతుంటాను. నాన్న బైబిలు తెచ్చుకున్నాను కానీ బీరువాలోంచి తీయలేకపోతున్నాను. అమ్మ రోజూ రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి ప్రార్థన అయిందా అంటుంది. అయిందంటాను. మా ఆయనకు ఇవేవీ పట్టవు. విశ్వాసంలో మళ్లీ స్థిరపడాలంటే ఏడాదిలో బైబిలు పూర్తిచేసే పట్టిక పెట్టుకోవాలా, సంఘం మారాలా?”

పట్టిక సంగతి ముందు తేల్చేద్దాం. బైబిల్లో 1,189 అధ్యాయాలున్నాయి. రోజుకు మూడో నాలుగో చదివితే ఏడాదికి అయిపోతాయి. జనవరి 1న మొదలుపెట్టి ఫిబ్రవరిలో బలుల నియమాలతో నిండిన మూడో పుస్తకం లేవీయకాండం దగ్గర ఆగిపోయేవాళ్లు బోలెడుమంది, నేనూ రెండుసార్లు అక్కడే ఆగాను. చదవండి, మంచిదే. ఇక సంఘం మారడమంటారా, ఇప్పుడు మీరు ఏ సంఘంలో ఉన్నారని మారడానికి?

మీ ఉత్తరంలో నాకు కనిపించింది ఆ తొమ్మిది గంటల ఫోను. రెండేళ్లంటే ఏడు వందల రాత్రుల పైమాటే. ఇన్ని రాత్రులు కన్నతల్లికి “అయిందమ్మా” అని అబద్ధం చెప్పి ఫోను పెట్టేశాక, దేవుడి ముందు మోకరించడానికి ఎవరికైనా మొహం చెల్లుతుందా?

బైబిల్లో హెబ్రీయులకు రాసిన లేఖ, అదే హెబ్రీ పత్రిక, రెండో అధ్యాయం మొదటి వచనంలో “కొట్టుకొనిపోకుండునట్లు” అన్న మాట మీరు చిన్నప్పుడు కంఠతా పట్టే ఉంటారు. కొట్టుకుపోయేవాళ్లకు ఎక్కడ పట్టు తప్పిందో తెలియదు. మీకు తెలుసు. ఉత్తరం చివర ఒక వాక్యం రాసి కొట్టేశారు, కొట్టేసినా చదవడానికి వస్తోంది: “జ్ఞాపకార్థ కూడికలో అమ్మ కంట తడి లేకుండా ‘యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొనిపోయెను’ అని సాక్ష్యం చెప్పింది.”

అదమ్మా అసలు సంగతి. ఆవిడ చెప్పింది బైబిల్లో బిడ్డల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు మాట, తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ అమ్మ అంత నిబ్బరంగా నిలబడ్డాక, కూతురు “ఎందుకు తీసుకుపోయాడు?” అని ఎవరిని అడుగుతుంది? ఆ రోజు మీరు నోరు మూసుకున్నారు. ప్రార్థన కూడా ఆ నోటితోనే కదా చేయాలి.

మీ సంఘం ఎవరి పేరు పెట్టుకుందో ఆ జర్మన్ మత సంస్కర్త మార్టిన్ లూథర్‌కు 1542 సెప్టెంబరులో పదమూడేళ్ల కూతురు మగ్దలేనా చనిపోయింది. పిల్ల ప్రభువు దగ్గరికి చేరినందుకు కృతజ్ఞతలు చెప్పాల్సినవాళ్లమే, కానీ ఏడవకుండా అది మావల్ల కావడం లేదని స్నేహితుడికి ఉత్తరం రాశాడాయన. 88వ కీర్తన తీసి చూడండి. “చీకటియే నాకు బంధువర్గమాయెను” అన్నదే దాని చివరి మాట. ఆ తర్వాత స్తోత్రమూ లేదు, ఓదార్పూ లేదు. దాన్ని కూడా కీర్తనల్లోనే ఉంచారు, తీసేయలేదు.

నాకో పట్టింపు ఉంది, మొండితనమనుకున్నా సరే. పెళ్లయి కాపురం చేసుకుంటున్న మనిషి తన భక్తికి అమ్మ దగ్గర హాజరు వేయించుకోకూడదు. తల్లిని సన్మానించమన్న ఆజ్ఞలో, ఆవిడను చిన్నపిల్లలా మభ్యపెట్టమని లేదు. మొగుణ్ణి మట్టి చేసి వచ్చి, పదిమంది ముందు నిలబడి మాట్లాడిన మనిషి ఆవిడ. మీరు ప్రార్థన మానేశారంటే కూలిపోదు.

మీ ఆయన సంగతి తర్వాత చూద్దాం. పట్టదు అన్నారు గానీ, ఇదంతా ఆయనకు ఒక్కసారైనా చెప్పారా?

వచ్చే శనివారం ఊరెళ్లండి. ఇది ఫోనులో చెప్పేది కాదు. రాత్రి తొమ్మిదింటికి ఆవిడ పక్కన కూర్చుని, “అమ్మా, రెండేళ్లుగా నేను ప్రార్థన చేసుకోవడం లేదు, నీకు అబద్ధం చెబుతున్నా” అనండి. ఏడవొచ్చు. తిట్టొచ్చు. మూడు రోజుల ఉపవాసం పట్టి పాస్టరు అయ్యగారిని ఇంటికి పిలిపిస్తాననొచ్చు, అది మాత్రం వద్దని చెప్పండి. అన్నీ అయ్యాక, నాన్న పోయిన రాత్రి నువ్వేమని ప్రార్థించావమ్మా అని అడగండి. ఆవిడ కూడా ఆ రాత్రి నోరు తెరవలేదేమోనని నా అనుమానం.

బీరువాలో ఉన్న నాన్న బైబిలు పట్టుకెళ్లండి. ఒక్కరే తెరవక్కర్లేదు. ఆయన ఏ వచనం కింద ఎప్పుడు గీత గీశారో మీకంటే ఆవిడకే బాగా తెలుసు.