‘వంకర’ అనే మాట కాస్త పక్కన పెట్టు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

పిల్లలకు తిన్నని గీతలు, వంపు గీతలు మొదలుపెడుతున్నానని రాశావు. బోర్డు మీద ఒక నిలువు గీత, ఒక సున్న గీసి పేర్లు చెప్పించడం పది నిమిషాల పని. దాన్ని నేర్పడం అనలేం. అసలు చిక్కు మన మాటలోనే ఉంది. పటం ఒరిగినా వంకరే అంటాం, పుల్ల విరిగినా వంకరే, తీగ వంగినా వంకరే. అవన్నీ వింటూ పెరిగిన పిల్లవాడు ఏటవాలు గీతను చూసి "ఇది తిన్నగా లేదు" అంటే తప్పు వాడిది కాదు. పాఠం నడిచినన్నాళ్లూ ఆ మాట నీ నోట రానీకు. ఒరిగితే వాలు, విరిగితే మూల, వంగితే వంపు. సరళరేఖ, వక్రరేఖ అన్న పేర్లు తర్వాత రెండు నిమిషాల్లో వస్తాయి, తొందరేం లేదు.

మొదటి రోజుకి ఒక మీటరు నూలు దారం చాలు. ఇద్దరు పిల్లలు చెరో కొసా పట్టుకుని బిగలాగాలి. ఒకణ్ణి చెయ్యి పైకెత్తమను, ఇంకొకణ్ణి కూర్చోమను. దారం నిలువుకు దగ్గరవుతుంది, వాలుతుంది, అడ్డంగా వస్తుంది. బిగువుగా ఉన్నంతసేపూ తిన్ననే. ఇద్దరూ ఒక్కడుగు దగ్గరికి జరగగానే వంపు. సాగే ఎలాస్టిక్ తాడు మాత్రం వద్దు, దగ్గరికి జరిగినా అది కుంచించుకుని తిన్నగానే ఉంటుంది, ఆట పాడవుతుంది. ఉండ చుట్టి ఉంచిన ప్లాస్టిక్ తాడూ అంతే, లాగినా పాత మెలికలు పోవు.

తర్వాత నేల మీద మూడు దారులు వెయ్యి: రెండు మీటర్ల తిన్నని గీత, మూడు మూలలున్న విరుపుల గీత, ఒక పెద్ద వంపు. మొదటి రెంటికీ టేపు బాగుంటుంది. వంపుకి టేపు పనికిరాదు, లోపలి అంచు ముడతలు పడి లేచిపోతుంది. చిన్న ముక్కలు అతికిస్తే అది వంపు కాదు, బోలెడు మూలలున్న విరుపుల గీత అవుతుంది! చాక్‌పీసుతో గియ్యి, లేదా లావుపాటి తాడు పరువు. వంపు పెద్దదిగా ఉండాలి. చిన్నదైతే రెండంగల్లో దాటేస్తారు. మడమకి వేళ్లు ఆనించి నడవమని, "పాదం ఎక్కడ తిప్పావు?" అని అడుగు. తిన్నని దారిలో ఎక్కడా తిప్పరు. విరుపుల దారిలో మూల దగ్గర మాత్రమే తిప్పుతారు. వంపులో అడుగడుగునా తిప్పాల్సిందే. ఈ తేడా ఎన్ని బొమ్మలు చూపించినా ఇంత బాగా ఎక్కదు, అందుకే ఈ ఆటకి రెండు మూడు రోజులైనా ఇవ్వు.

తిన్నని అంచులవి ఒక కుప్ప, వంపు అంచులవి ఒక కుప్పగా వేరు చేసే ఆటలో గ్లాసులు, బంతులు ముందే తేవద్దు. గ్లాసు అంచు వంపు, పక్కనుంచి చూస్తే తిన్నన. అయిదేళ్లలోపు వాళ్లకి గందరగోళం. అట్టతో చదరం, త్రిభుజం, వృత్తం, గుడ్డు ఆకారం, అర్ధచంద్రుడు (సగానికి కోసిన వృత్తం), రెండు కొసలూ మొనదేలిన ఆకు కత్తిరించు. కళ్లు మూసుకుని అంచు వెంట వేలు జరపాలి. గుడ్డు ఎందుకంటే, వంపు అంటే సున్నే అనుకోకుండా. ఆకు ఎందుకంటే, మూలలున్నా తిన్నని అంచు ఒక్కటీ లేని ఆకారం ఒకటి ఉందని తెలియడానికి. అర్ధచంద్రుడి దగ్గర తగువు పడతారు. పడనీ, మూడో కుప్ప కావాలని వాళ్లే అంటారు. అంకెలతోనూ ఇదే ఆడొచ్చు: 0, 3, 8 వంపులు, 4 తిన్నన, 2, 5 రెండూ కలిసినవి. కొన్ని అచ్చుల్లో 3 పైభాగం తిన్నగా ఉంటుంది, కాబట్టి జవాబు గుర్తుంచుకుని దిద్దకు, ఎదురుగా ఉన్న అంకెను చూసి దిద్దు.

ఇక గీయడం. చాలామందికి సున్న మూడేళ్లకు, కూడిక గుర్తు నాలుగేళ్లకు, త్రిభుజం అయిదేళ్ల చుట్టుపక్కల వస్తాయి. వాలు గీత కష్టం, చెయ్యి పక్కకీ కిందికీ ఒకేసారి కదలాలి. మూడేళ్ల పిల్లకి త్రిభుజం రాలేదని బెంగపడకు.

పొడుగు గీత విల్లులా వంగిపోతోందంటే కారణం మణికట్టు. అది తలుపు బందులాంటిది, దాని చుట్టూ తిరిగే చెయ్యి వంపే గీస్తుంది. మోచెయ్యి లేపి చెయ్యంతా కదపమను. 5 సెంటీమీటర్ల దూరంలో రెండు చుక్కలు పెట్టు, చూపు పెన్సిలు మొన మీద కాదు, చేరాల్సిన చుక్క మీద ఉండాలి. కుదిరాక 10, తర్వాత 15. స్కేలు ఇచ్చాక మరో రెండు తప్పులొస్తాయి: ఒక కొసన పట్టుకుంటే స్కేలు తిరిగిపోతుంది, వేలు అంచు దాటితే గీతలో బుడిపె వస్తుంది. స్కేలు నడుమ వేళ్లు విడదీసి నొక్కమను.

పెద్ద వృత్తానికి పుల్ల, దారం వాడతావు కదా, దారాన్ని పుల్లకి బిగించి కట్టకు. తిరిగేకొద్దీ చుట్టుకుని పొట్టిదవుతుంది, మొదలుపెట్టిన చోటికి గీత చేరదు. వదులు ఉచ్చు వెయ్యి.

ఏడెనిమిదేళ్ల వాళ్లుంటే ఇది చేయించు. మూల దగ్గర కలిసేలా 10 సెంటీమీటర్ల నిలువు గీత, అడ్డగీత. రెంటి మీదా మూల నుంచి సెంటీమీటరుకో చుక్క, 1 నుంచి 10 వరకు అంకెలు. నిలువు 10ని అడ్డం 1తో, 9ని 2తో, అలా మొత్తం 11 వచ్చేట్టు స్కేలుతో కలపాలి. ఒకే అంకెలు కలిపేస్తే పక్కపక్కనే వాలు గీతలొస్తాయి, వింతేమీ ఉండదు. సరిగ్గా కలిపితే నున్నని వంపు కనిపిస్తుంది. ఆ వంపు ఎవరు గీశారని అడుగు. గీసినవన్నీ తిన్నని గీతలేనని నమ్మనివాళ్లకి ఆ మొదటి రోజు దారమే ఇవ్వు, ఒక్కో గీత మీద బిగలాగి చూసుకుంటారు.

నీ పెద్దమ్మ