మా గుంటడికి ఆ వైర్ల పని నేర్పేవోడు లేడు, ఆపేయమందునా?

రాజాం దగ్గర పల్లె నుంచి ఒక తల్లి రాశారు. వాళ్లబ్బాయికి పదమూడేళ్లు, ఎనిమిదో తరగతి. ఏడాదిగా యూట్యూబ్ చూసుకుంటూ వైర్లు, చిన్న లైట్లు, బొమ్మ కార్ల మోటార్లు ముందేసుకుని కూర్చుంటున్నాడు. నానమ్మ రేడియో విప్పి మళ్లీ బిగించలేకపోయాడు. టిఫిన్ డబ్బులతో చిన్న లైట్లు కొంటాడు, బ్యాటరీకి తగిలించగానే అవి మాడిపోతాయి, రాత్రి దుప్పటి కప్పుకుని ఏడుస్తాడు. మొన్న మిక్సీ విప్పి ప్లగ్గు పెడితే ఫ్యూజు పోయింది, జూట్ మిల్లులో నైట్ షిఫ్ట్ చేసొచ్చి పడుకున్న తండ్రి లేచి వాడి సామాన్ల డబ్బా మొత్తం చెరువులో పారేశారట. పది రోజులుగా తండ్రీకొడుకులకి మాటల్లేవు. "నాను ఏడో తరగతి దాకా సదివినాను, ఆ వైర్లు నాకేటి తెలుస్తాది, నేర్పేవోడు సుట్టుపక్కల ఎవుడూ లేడు, ఆపేయమందునా" అని అడిగారు.

అమ్మా, ఆపేయమనొద్దు. మీ ఉత్తరంలో నన్ను పట్టేసింది ఆ మిక్సీ కాదు, దుప్పటి కప్పుకుని ఏడవడం. అదేంటో నాకు బాగా తెలుసు. నేను బొబ్బిలి దగ్గర పల్లెలో పెరిగాను, ఆరో తరగతిలో ఒక పాత పుస్తకంలో బొమ్మ చూసి బ్యాటరీ లేకుండా పాడే రేడియో చేద్దామని పౌడర్ డబ్బాకి రాగి తీగ చుట్టాను, కరెంటుని ఒక వైపే పోనిచ్చే డయోడ్ ఒకటి, ఒక ఇయర్‌ఫోన్, తాటిచెట్టు దాకా కట్టిన ఏరియల్, అన్నీ బొమ్మలో ఉన్నట్టే పెట్టాను, మూడు నెలలు చిన్న కూత కూడా రాలేదు. రోజూ రాత్రి విప్పడం, చుట్టడం. నాకు బుర్ర లేదు అని గట్టిగా అనుకున్నాను, ఎవరికీ చెప్పలేదు. చివరికి బొబ్బిలిలో మోటార్లు చుట్టే ఆయన దగ్గరికి వేరే పని మీద వెళ్లినప్పుడు ఆయన తీగ కొసని బ్లేడుతో గీకుతుంటే చూశాను. ఆ తీగ మీద కంటికి కనబడని ఎనామిల్ పూత ఉంటుంది, అది గీకితే తప్ప కరెంటు పారదు. ఇంటికి పరిగెత్తుకొచ్చి నాలుగు కొసలూ గీకాను, ఆ రాత్రి విశాఖ రేడియో చెవిలో సన్నగా పలికింది. మూడు నెలల ఏడుపుకి కారణం ఒక్క నిమిషం పని.

ఎవరూ లేకుండా నేర్చుకునే పిల్లాడికి వచ్చే కష్టం ఇదే. వాడికి తెలియంది చిన్న విషయమే, కానీ అది చిన్నదని చెప్పేవాళ్లు లేక తప్పు తన బుర్రలోనే ఉందనుకుంటాడు. మీవాడి లైట్లు మాడిపోవడం కూడా అలాంటిదే, ఈ ముక్క వాడికి చూపించండి: బాబూ, తొమ్మిది వోల్టుల బ్యాటరీకి ఎల్‌ఈడీ, అంటే నీ చిన్న లైటు, నేరుగా తగిలిస్తే కరెంటు ఎక్కువ పారి మాడిపోతుంది, మధ్యలో కరెంటుని తగ్గించే 470 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి పెట్టు, దాని మీద పసుపు, ఊదా, గోధుమ రంగు గీతలు వరసగా ఉంటాయి, పొడుగు కాలు ప్లస్ వైపు. నీ బుర్రలో ఏ లోపమూ లేదు.

ఇప్పుడు మీ ఆయన గురించి. డబ్బా పారేయడం తప్పే, ఏడాది పాటు రూపాయి రూపాయి కూడబెట్టుకున్న సామాన్లవి. కానీ షిఫ్టంతా మెషీన్ల మధ్య పనిచేసే మనిషి కరెంటు ఏం చేస్తుందో చూసే ఉంటారు, నిద్రలోంచి లేచేసరికి కొడుకు ప్లగ్గు దగ్గర కనబడితే భయమే కోపంలా బయటికొస్తుంది. ఆ భయం న్యాయమైనదని వాడి ముందే ఒప్పుకోండి. ఇంట్లో వచ్చేది 230 వోల్టులు, దాన్లో వేలు పెట్టి నేర్చుకోడానికి లేదు. అందుకని ప్లగ్గు పెట్టే వస్తువేదీ వాడు విప్పకూడదు, మిక్సీ, ఫ్యాను, ముఖ్యంగా పాత డబ్బా టీవీ, ప్లగ్గు పీకేసినా దాని లోపల కరెంటు నిలవుండి కొడుతుంది. సెల్‌ఫోన్ బ్యాటరీలని పొడవడం, వాటికి సోల్డరింగ్ పెట్టడం, అంటే లోహపు తీగ కరిగించి అతికించడం, అస్సలు వద్దు, అంటుకుంటాయి. టార్చ్ సెల్లులు, తొమ్మిది వోల్టుల బ్యాటరీ మీద మాత్రం ఎంతసేపైనా చేసుకోనివ్వండి, బ్యాటరీ రెండు కొసలూ నేరుగా తీగతో కలిపేసి వదిలేయకూడదని మాత్రం చెప్పండి.

మీ ఆయన్ని ఒక్క పని అడగండి. ఎలక్ట్రీషియన్ని పిలిపించి ఎర్తింగ్ చూపించి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించమనండి, ఎక్కడైనా కరెంటు ఒంట్లోంచి భూమికి లీకైతే అది టక్కున ఆపేస్తుంది, ఇంట్లో అందరికీ మంచిదే. ఆ రోజు అబ్బాయిని కూడా పక్కన నిలబెట్టుకుని చూపించమనండి. మీ ఆయన ఇంటికొచ్చేటప్పుడు వోల్టులు కొలిచే చిన్న మల్టీమీటర్, తీగలు గుచ్చి కలుపుకునే చిల్లుల పలక, అదే బ్రెడ్‌బోర్డు, తెస్తే చెరువులో పడ్డ డబ్బా గురించి వేరే ఏం చెప్పక్కర్లేదు, పిల్లాడికి అర్థమవుతుంది. బ్రెడ్‌బోర్డు మీద అయితే సోల్డరింగ్ అవసరమే లేదు. తర్వాతెప్పుడైనా సోల్డరింగ్ మొదలెడితే మీరు ఎదురుగా ఉన్నప్పుడే, కిటికీ తీసి, అతికించే తీగలో సీసం ఉండొచ్చు కాబట్టి చేతులు కడుక్కున్నాకే అన్నం.

మీకేం తెలీదన్నారు చూడండి, అది అడ్డేం కాదు. రాత్రి అన్నం పెడుతూ "ఇయ్యాల ఏటి సేసినావురా, నాకు సెప్పు" అని అడిగి మధ్యలో ఆపకుండా వినండి. అర్థం కాకపోతే అర్థం కాలేదనే చెప్పండి, మళ్లీ చెప్తాడు, అలా మీకు అర్థమయ్యేలా చెప్పబోయి సగం తప్పులు వాడే పట్టేసుకుంటాడు. ఒక నోటుపుస్తకం ఇచ్చి ఏం కలిపాడో బొమ్మ గీసి, ఏమైందో కింద రాయమనండి. పదిహేను రోజులకోసారి రాజాంలో రిపేర్ షాపు ఆయన దగ్గరికి ఆ పుస్తకంతో తీసుకెళ్లండి, మధ్యాహ్నం గిరాకీ లేని వేళ, ఒక్క ప్రశ్న మాత్రమే. రోజూ నేర్పే గురువు దొరకడు గానీ ఒక ప్రశ్నకి జవాబు చెప్పని మెకానిక్‌ని నేనైతే చూడలేదు. స్కూల్లో సైన్స్ మాస్టారికి కూడా ఆ పుస్తకం చూపించండి, ఇన్‌స్పైర్ మానక్ అని హైస్కూల్ పిల్లల ఐడియాలు స్కూలు తరఫున పంపుతారు, ఎంపికైతే నమూనా చేసుకోడానికి 10,000 రూపాయలు ఇస్తారు. రాకపోయినా ఫర్లేదు, మాస్టారికి వీడి సంగతి తెలుస్తుంది, నాకు కావలసింది అదే.

హిందీలో మార్కులు తగ్గాయన్నారు. రోజుకి గంటన్నర హోంవర్క్ అయ్యాకే డబ్బా తీయాలని పెట్టండి, శిక్షలా కాదు. పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాసి ఎలక్ట్రానిక్స్ డిప్లొమాకి వెళ్లొచ్చు, ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీకైతే పదో తరగతి మార్కులే చూస్తారు, అందులో హిందీ కూడా ఉంటుందని చెప్పండి చాలు. అంతకు మించి ఇప్పుడే ఉద్యోగాల మాట ఎత్తకండి, పదమూడేళ్లే కదా.

నానమ్మ రేడియో ముక్కలు తీసి పారేశారా? పారేయకపోతే ఒక్క స్క్రూ కూడా పోకుండా సంచిలో మూటకట్టి ఉంచండి, అది సెల్లుల మీద నడిచేదైతే వాడు మళ్లీ దాని దగ్గరికే వస్తాడు. ముందు మాత్రం పెద్దావిడతో ఒకసారి చెప్పించండి, పాడుచేసినందుకు ఆవిడకి కోపం లేదని.