కాంట్రాక్టరుకు ఇల్లు అప్పగించే ముందు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

పాత ఇల్లు బాగు చేయించడానికి నువ్వు అనుకుంటున్న కాంట్రాక్టరును ఒకరు కళ్లు మూసుకుని పెట్టుకోవచ్చంటున్నారు, ఇంకొకరు గుమ్మం తొక్కనివ్వొద్దంటున్నారు, ఎవరి మాట నమ్మాలో తెలియడం లేదని రాశావు. ఇద్దరి మాటా నిజమే కావచ్చు. కాంట్రాక్టరు తన చేత్తో ఇటుక పెట్టడు. నాలుగైదు ఇళ్ల పని ఒకేసారి ఒప్పుకుని ఒక్కో ఇంటికి ఒక్కో ముఠాను పంపుతాడు. చెయ్యి తిరిగిన టైల్స్ మేస్త్రీ వెళ్లిన ఇంటివాళ్లు మెచ్చుకుంటారు. అదే నెలలో పని నేర్చుకుంటున్న కుర్రాళ్లు వెళ్లిన ఇంటివాళ్లు తిడతారు. అందుకే ‘ఆయన ఎలాంటివాడు’ అని అడగకు. ‘మీ ఇంట్లో టైల్స్ ఎవరు వేశారు, పైపులు ఎవరు బిగించారు, ఆ మనుషులు ఇంకా ఆయన దగ్గరే ఉన్నారా’ అని అడుగు. వాళ్లే రావాలని ఒప్పందంలో పేర్లతో సహా రాయించుకో. ఇందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు.

పని ముగిసిన వారానికే వచ్చే మెప్పును పెద్దగా పట్టించుకోకు. అప్పటికి కనిపించేవి రంగూ మెరుపూ మాత్రమే. బాత్‌రూమ్ లీకు, గోడ చెమ్మ, తలుపు బిగుసుకుపోవడం ఇవన్నీ ఒక వానాకాలం గడిచాక గాని బయటపడవు. కనీసం ఏడాది దాటినవి రెండిళ్లు, ఇప్పుడు పని నడుస్తున్నది ఒకటి చూసి రా. నడుస్తున్న చోట సిమెంటు బస్తాలు నేలకు ఆనించి పడేశారా, చెక్కల మీద పేర్చారా? కొత్త ప్లాస్టరింగ్ గట్టిపడేలా నీళ్లు కొట్టి తడిగా ఉంచుతున్నారా? ఈ రెండూ చూస్తే చాలా తెలుస్తుంది. పాత ఇంటివాళ్లను అడగాల్సిన ముఖ్యమైన ప్రశ్న: తేడా వచ్చిందని ఫోన్ చేస్తే వచ్చాడా? అసలు తేడానే రాని పని ఉండదు.

తిట్లను కూడా విడదీసి చూడు. ఆలస్యం గురించి అయితే సగం తప్పు ఇంటివాళ్లదే కావచ్చు. కుళాయిలు ఎంచుకోవడానికి నెల తీసుకుని, ప్లంబరు రాలేదని గోల పెట్టేవాళ్లు బోలెడుమంది. లెక్కల గొడవ ఇద్దరు ముగ్గురి నోట వినిపిస్తే మాత్రం ఇంకో మనిషిని చూసుకో.

ఇక కొటేషన్. మూడు తెప్పించి తక్కువది ఏరుకోవడం అందరూ చేసేదే. గొడవకు విత్తనం పడేదీ అక్కడే, ఎందుకంటే ఆ మూడింటిలో కొలిచే పద్ధతి ఒకటి కాదు. ఆరడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు, రెండడుగుల లోతు ఉన్న వార్డ్‌రోబ్‌నే తీసుకో. ముందు భాగం మాత్రం కొలిస్తే 42 చదరపు అడుగులు. వాడిన చెక్కంతా కొలిస్తే ముందు 42, వెనక 42, పక్కలు 28, పైనా కిందా కలిపి 24, మొత్తం 136. లోపలి అరలు ఇంకా కలపనే లేదు. అడుగు రేటు సగానికి సగం తక్కువని సంబరపడి రెండో పద్ధతికి సంతకం పెడితే బిల్లు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. రంగుల్లోనూ ఇదే తంతు: తలుపులు, కిటికీల ఖాళీ తీసేసి కొలుస్తారా, కలిపి కొలుస్తారా? ముందు కొలత పద్ధతి రాయించి, ఆ తర్వాత రేటు మాట్లాడు.

కొటేషన్‌లో ఉన్నదానికన్నా లేనిదాన్ని ఎక్కువ వెతుకు. పాతవి పగలగొట్టే కూలి, ఆ చెత్త బయటికి మోయించడం, పరంజా, ఎలక్ట్రీషియను కొట్టిన గాడులు మళ్లీ పూడ్చి నునుపు చేయడం సాధారణంగా అందులో కనిపించవు. పని సగంలో ఉండగా ‘అది మా లెక్కలో లేదండీ’ అంటారు. చెక్క, తీగ, పైపు, రంగు ఏ కంపెనీవో, ఏ రకమో, ఎంత మందమో రాయించు. ‘మంచి క్వాలిటీ’ అని రాస్తే ఏమీ రాయనట్టే. తిన్నగా వేసే టైల్స్‌కు పదోవంతు, ఏటవాలుగా వేసేవాటికి 15 శాతం అదనంగా తెప్పించి, మిగిలిన పెట్టె దాచిపెట్టు. తర్వాత కొంటే బ్యాచ్ మారి రంగు కలవకపోవచ్చు. ఇవన్నీ పోను మొత్తం ఖర్చులో 10 నుంచి 15 శాతం చేతిలో విడిగా ఉంచుకో. పాత గోడ విప్పితే లోపల ఏముందో ఎవరూ ముందే చెప్పలేరు.

గోడ తీసేయడం గురించి అడిగావు. బరువు మోసే గోడా కాదా అన్నది మేస్త్రీ తట్టి చెబితే సరిపోదు. స్ట్రక్చరల్ ఇంజనీరు చూసి సంతకం పెట్టిన కాగితం చేతికి వచ్చాకే సుత్తి పడాలి. పైపుల కోసం కొట్టే గాడికీ హద్దు ఉంది: నిలువు గాడి గోడ మందంలో మూడోవంతు, అడ్డంగా అయితే ఆరోవంతు దాటకూడదు. స్తంభాలనూ దూలాలనూ అసలు ముట్టుకోనివ్వకు.

అన్నింటికన్నా ఎక్కువ డబ్బు కాజేసేది బాత్‌రూమ్, అందుకని దీన్ని కాస్త నెమ్మదిగా చదువు. పైపులన్నీ బిగించి, ప్రెషర్ పెట్టి, అతుకులు కారడం లేదని తేలాకే వాటర్‌ప్రూఫింగ్, అంటే నీళ్లు కిందికి దిగకుండా వేసే పూత, మొదలవ్వాలి. చాలాచోట్ల పూత చక్కగా వేశాక ప్లంబరు వచ్చి ఉలితో ఇంకో కన్నం కొడతాడు, లీకు అక్కడే. మూలలను సిమెంటు మాల్‌తో గుండ్రంగా నింపి, నీళ్లు పోయే గొట్టం చుట్టూ సందు మూసి, రెండు పూతలు ఒకదానికొకటి అడ్డంగా వేయాలి. మొదటిది ఆరాకే రెండోది. గోడ మీదికి అడుగు ఎత్తు, షవరు పక్క ఆరడుగుల దాకా పూత రావాలి. ఆరాక గొట్టం మూసేసి, రెండంగుళాల నీళ్లు నిలబెట్టి, మట్టం దగ్గర గీత గీయించు. 24 గంటలు తప్పనిసరి, 48 అయితే నిశ్చింత. కింద గది కప్పుకు చెమ్మ దిగిందేమో చూడు, నీళ్లు గీత కన్నా తగ్గాయేమో చూడు. ‘పని ఆగిపోతుంది’ అని తొందరపెడతారు, లొంగకు.

టైల్స్ పరిచేటప్పుడు నీళ్లు పోయే వైపు నాలుగడుగులకు సుమారు 15 మిల్లీమీటర్ల వాలు ఉండాలి. అతికాక చెక్క పిడితో ఒక్కొక్కటి తట్టి చూడు. డొల్ల మోత వస్తే మాల్‌ను టైల్ అంతటా పరచకుండా నాలుగు మూలలా ముద్దలు పెట్టారన్నమాట. అక్కడ బరువు పడితే పగులుతుంది, కింద నీళ్లు చేరతాయి. అలాంటివి గుర్తుపెట్టి, సందులు నింపకముందే తీయించు.

కరెంటు పనిలో లైట్లకు 1.5, మామూలు ప్లగ్గులకు 2.5, గీజరు, ఏసీలకు 4 చదరపు మిల్లీమీటర్ల తీగ సాధారణంగా వేస్తారు. గీజరు, ఏసీలకు విడివిడి లైన్లు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్), ఎర్తింగ్ కచ్చితంగా ఉండాలి. గాడులు పూడ్చకముందు ప్రతి గోడకూ కొలత టేపు ఆనించి ఫొటోలు తీసిపెట్టు, రేపు మేకు కొట్టేటప్పుడు పనికొస్తాయి. రంగుల గురించి ఒక్క మాట: కొత్త ప్లాస్టరింగ్ ఆరడానికి నాలుగు వారాలు ఇవ్వు. తడి మీద పుట్టీ పెడితే పొరలు పొరలుగా లేస్తుంది.

అడ్వాన్సు పదోవంతుకు మించొద్దు. సగం ముందే అడిగేవాడు ఆ డబ్బుతో ఇంకొకరి ఇల్లు పూర్తి చేసే అవకాశం ఉంది, నీ పని అప్పుడే నెమ్మదిస్తుంది. మిగతాది తేదీలకు కాదు, పనికి కట్టు: పైపుల పరీక్ష అయ్యాక ఇంత, నీళ్లు నిలబెట్టి చూశాక ఇంత, టైల్స్ తట్టి చూశాక ఇంత. ఆఖరి 5 నుంచి 10 శాతం మాత్రం పని అప్పగించాక కొన్ని నెలలు నీ దగ్గరే ఉంటుందని మొదటే ఒప్పించు. మధ్యలో నువ్వు ఏదైనా మార్చమంటే ‘దీనికి ఎంత, ఎన్ని రోజులు’ అని అడిగి, జవాబు ఫోన్‌లో మెసేజ్‌గానైనా తెప్పించుకున్నాకే చేయమను. నోటిమాట మార్పులు ఆఖరి బిల్లులో ఎలా తేలతాయో ఇద్దరికీ గుర్తుండదు.

నువ్వు పంపిన కొటేషన్ చూశాను. బాత్‌రూమ్ పనంతా ఒకే వరుసలో, ఒకే మొత్తంగా వేశాడు. పగలగొట్టడం, పైపులు, వాటర్‌ప్రూఫింగ్, టైల్స్ విడివిడిగా రాసి ఇమ్మను. రాసిస్తే నాకు పంపు, అడ్వాన్సు సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ పెదనాన్న